పూడిక తీసేముందు ఆ బీరువాలు తెరవండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే మీ జిల్లా పేజీ నిండా పూడికతీత వార్తలే. ఎన్ని ట్రాక్టర్ల మట్టి పోయింది, ఎంత లోతు తవ్వారు, బిల్లులు ఎక్కడ ఆగాయి, అన్నీ రాస్తారు, మంచిదే. ఆ మట్టితో పాటు ఏం పోయిందో మాత్రం నేనెప్పుడూ చదవలేదు. మన చెరువుల్లో దొరికే పెద్ద గుండ్రటి నత్త, డిగ్రీలో పైలా అని చదువుకున్నదే, నీళ్లు ఇంకిపోయేటప్పుడు బురదలోకి దిగి గుల్ల మూత బిగించుకుని వానలు పడేదాకా నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. దానికి మొప్పతో పాటు గాలి పీల్చే ఊపిరితిత్తి కూడా ఉంది కాబట్టి అలా బతకగలుగుతుంది. మనం జేసీబీ దింపేది సరిగ్గా ఆ నెలల్లోనే. 2015లో చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి ఊరూరా ఇదే పని, 2024 నవంబరులో వరంగల్ భద్రకాళి చెరువును కూడా పూడిక కోసమే ఖాళీ చేశారు. పూడిక తీయొద్దని అనడం లేదు, చెరువులో నీళ్లు నిలిస్తేనే కదా నత్తకైనా బతుకు. తీసేముందు అక్కడ ఏముందో ఎవరో ఒకరు చూసి రాసిపెట్టాలి, నా గొడవ అంతే.

అలా రాసిపెట్టిన మనిషి ఒకాయన మనకున్నారు. మాకు జువాలజీ చెప్పిన ప్రొఫెసర్. సర్వీసంతా నత్తల మీదే గడిపారు. పాకాల, రామప్ప, లక్నవరం, పేరు కూడా లేని కుంటలు, ఏటూరునాగారం అడవిలో రాలిన ఆకుల కింద బతికే గోరంత నత్తలు కూడా. గుల్ల దొరికితే డబ్బాలో వేసి ఊరు, చెరువు, తేదీ, నీళ్లెలా ఉన్నాయో చీటీ రాసి డిపార్ట్‌మెంటు బీరువాల్లో పెట్టేవారు. నత్తల మీద పీహెచ్‌డీ ఏందని నవ్వినవాళ్లు యూనివర్సిటీలోనే ఉన్నారు, బయటివాళ్లను ఏమనుకుంటాం.

నవ్వేవాళ్లు ఒకసారి గొల్లకుర్మలను అడగాలి. గొర్రెకు దవడ కింద నీరు దిగి, చిక్కిపోయి చచ్చిపోతే కోసి చూడండి, కార్జంలో ఆకులాంటి చదును పురుగులుంటాయి, వాటినే కార్జపు జలగలంటారు. ఆ జలగ గుడ్లు పేడలో నీళ్లలోకి చేరతాయి, పిల్ల బయటికొచ్చి లిమ్నియా అనే చిన్న నత్తలో దూరి అక్కడే పెరిగి పదులు, వందలై బయటపడి గట్టు మీది గడ్డిని అంటుకుంటుంది, ఆ గడ్డిని మళ్లీ గొర్రె మేస్తుంది. నత్త లేకపోతే ఈ చక్రం తిరగదు. చక్రంలా చుట్టుకుని పలచగా ఉండే ఇంకో నత్త ఉంది, ఇండోప్లానార్బిస్, ఎడ్ల ముక్కులో కండ పెరిగి గురక పెట్టే జబ్బుకు అది దారి. ఏ చెరువులో ఏ నత్త ఉందో తెలిస్తే మందను ఎక్కడ మేపొద్దో, జలగల మందు ఎప్పుడు తాగించాలో పశువుల డాక్టరు ముందే చెప్పగలడు. సార్ చీటీల్లో ఉన్నది ఆ సమాచారమే.

సార్ రిటైరయ్యారు. ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు, వచ్చినా నత్తల మనిషి వస్తాడన్న నమ్మకం లేదు, ఇప్పుడు అందరూ జీన్ల వైపే వెళ్తున్నారు. 2014లో యూజీసీ డిసెక్షన్లు ఆపమన్నాక (మంచి పనే, ఎన్ని నత్తలను కోశామో) పైలాను పుస్తకంలో బొమ్మగా తప్ప చూడని డిగ్రీ పిల్లలు తయారయ్యారు. ఆ డబ్బాల బీరువాలున్న గదిని వేరే ల్యాబ్‌కి ఇస్తారని వింటున్నాం. చీటీ ఊడిన గుల్ల సున్నానికి తప్ప దేనికీ పనికిరాదు, అందుకే టెన్షన్. ప్రపంచం మొత్తం మీద నమోదైన జంతు జాతుల అంతరింపుల్లో మరే వర్గానికన్నా ఎక్కువ నత్తలు, ఆల్చిప్పల వర్గానివే. మన దగ్గర ఏవైనా పోయాయా అంటే పోల్చి చూసుకోవడానికి ఈ బీరువాలే దిక్కు.

జూలాజికల్ సర్వే వారి మంచినీటి జీవుల కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. వరంగల్‌లో ఉంచడానికి చోటు లేకపోతే డబ్బాలు, రిజిస్టర్లు కలిపి అక్కడికి పంపండి, గోనె సంచుల్లో మాత్రం కుక్కకండి. పూడిక తీసే ప్రతి పెద్ద చెరువుకూ ముందు ఒక రోజు దగ్గర్లోని కాలేజీ పిల్లలను తీసుకెళ్లి గట్టంతా చూపించి రాయిస్తే కాంట్రాక్టర్ బిల్లులో అది లెక్కలోకి కూడా రాదు. రిజిస్టర్లు స్కాన్ చేసే పని పాత విద్యార్థులం మేమే చేస్తాం, పైసా అడగం. గది తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పేవాళ్లే లేరు.

– ఒక జువాలజీ పాత విద్యార్థి, హన్మకొండ