రైఫిల్ కొనాలనుకునే మన గ్రూప్ వాళ్లకి

అందరికీ నమస్కారం. మొన్న శనివారం డాలస్ చుట్టుపక్కల నాలుగు తుపాకుల షాపులు తిరిగాను. అరలన్నీ ఖాళీ. ఈ 2020 మార్చి ఒక్క నెలలోనే తుపాకుల కోసం జరిగే ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు (కొనేవాళ్ల నేరచరిత్ర వాకబు) 37 లక్షలు దాటాయి. 1998లో ఆ పద్ధతి మొదలయ్యాక అంతకుముందు ఏ నెలలోనూ ఇన్ని లేవు.

నేను చేయించుకోవాలనుకున్నది దూరపు టార్గెట్ల కోసం 6.5 క్రీడ్‌మోర్ అనే రకం తూటా వాడే బోల్ట్ రైఫిల్ (ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించేది). యాక్షన్ (తూటాని ఎక్కించి పేల్చే భాగం) దొరికింది, బ్యారెల్ (గొట్టం) దొరకలేదు. గన్‌స్మిత్ (తుపాకులు తయారుచేసే పనివాడు) ఎనిమిది నెలలు ఆగమన్నాడు. ఇంకోచోట డబ్బంతా ముందే కట్టమన్నారు, ఇచ్చే తేదీ మాత్రం రాసివ్వలేమన్నారు. వదిలేసి వచ్చాను. ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) తొలిచి, హెడ్‌స్పేస్ (ఛాంబర్‌లో తూటా ఆగే చోటుకీ బోల్ట్‌కీ మధ్య దూరం) సరిచూసి బ్యారెల్ బిగించే పనిలో తొందర పెడితే గురి పోవడమే కాదు, కాల్చేవాడికీ ప్రమాదం. అందుకే ఆగుతున్నాను.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఒక మాట. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకపోతే తుపాకీ కొనడానికే కాదు, దగ్గర పెట్టుకోవడానికీ ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. "నీ పేరు మీద కొనిపెట్టన్నా" అని ఇద్దరు తమ్ముళ్లు అడిగారు. అది నేరం. దయచేసి అడగొద్దు, కాదనడం నాకూ కష్టంగా ఉంది.

6.5 బ్యారెల్ ఎక్కడైనా స్టాక్‌లో కనిపిస్తే మాత్రం ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే.