మంత్రి గారూ, ఆటగాణ్ని లోన్ మీద పంపేటప్పుడు వాడి సంతకం కూడా అడగండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

సికింద్రాబాద్ వైపు ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్ వ్యవహారాలు చూసుకునేవాణ్ని నేను. జెర్సీలు కుట్టించడం, గ్రౌండ్ కోసం తిరగడం, రిజిస్ట్రేషన్ ఫారాలు నింపడం, మ్యాచ్ రోజు ఐస్ డబ్బా మోయడం అన్నీ నా పనే. కింది డివిజన్లలో క్లబ్బులు ఒకరికొకరు ఆటగాళ్లను లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, ఇచ్చుకునే పద్ధతి గురించి మీకు నాలుగు మాటలు చెప్పాలని ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను. ఇది టీవీలో చర్చకు వచ్చే విషయం కాదు. కోట్ల రూపాయలు చేతులు మారవు, కాబట్టి ఎవరికీ పట్టదు.

ముందు ఈ లోన్ ఎలా జరుగుతుందో చెబుతాను. సీజన్ మధ్యలో పై డివిజన్ క్లబ్ నుంచి ఫోన్ వస్తుంది. "అన్నా, మా లెఫ్ట్ బ్యాక్ మోకాలు పోయింది, మీ పోరగాణ్ని ఈ సీజన్‌కు పంపు" అంటారు. మేం సరే అంటాం. పిల్లాడికి పెద్ద మ్యాచ్‌లు ఆడే అవకాశం వస్తుంది, రేపు మాకు గోల్‌కీపర్ అవసరమైతే వాళ్లనే అడగాలి. క్లబ్ లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు రాస్తాం: ఫలానా ఆటగాడు మీ తరఫున ఆడటానికి మాకు అభ్యంతరం లేదు. కింద రబ్బరు స్టాంపు, సెక్రటరీ సంతకం. దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే పని అయిపోయినట్టే.

ఆ కాగితంలో ఏముందో కాదు, ఏం లేదో చూడండి. ఎప్పటివరకు అన్నది ఉండదు. బస్సు ఖర్చులు, బూట్లు, మ్యాచ్ ఫీజు ఎవరిస్తారో ఉండదు. దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారో ఉండదు. ఆడించకుండా బెంచ్ మీద కూర్చోబెడితే వెనక్కి వచ్చేయొచ్చా లేదా అన్నది ఉండదు. అన్నిటికన్నా విచిత్రం, ఆటగాడు సంతకం పెట్టడానికి దాంట్లో చోటే ఉండదు. ఇద్దరు సెక్రటరీలు మాట్లాడుకుంటారు, వాడికి మర్నాడు ప్రాక్టీస్ ఎక్కడో చెబుతారు.

నాకు తెలిసిన ఒక కుర్రాడు ఇలాగే లోన్ మీద వెళ్లాడు. మంచి వింగర్, రెండు కాళ్లతోనూ క్రాస్ వేయగలడు. పగలు మొబైల్ షాపులో పని, సాయంత్రం గ్రౌండ్. కొత్త క్లబ్‌కు ఆడుతుండగా ట్యాకిల్‌లో మోకాలు మెలిపడింది. డాక్టర్ ఎంఆర్ఐ తీయించమన్నాడు. ఆడించిన క్లబ్ వాళ్లు "వాడు మా ప్లేయర్ కాదు, లోన్ మీద వచ్చాడు" అన్నారు. పంపిన క్లబ్ వాళ్లు "మా మ్యాచ్‌లో తగిలిన దెబ్బ కాదు కదా" అన్నారు. స్కాన్ డబ్బులు వాళ్ల నాన్న షాపు యజమాని దగ్గర అడ్వాన్స్‌గా తీసుకుని కట్టాడు. లిగమెంట్ తెగిందని తేలింది. ఆపరేషన్ మాట వచ్చేసరికి రెండు క్లబ్బుల వాళ్లూ ఫోన్లు ఎత్తడం మానేశారు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు పాపం. ఆ క్లబ్బుల పేర్లు చెప్పి గొడవ పెంచడం నా ఉద్దేశం కాదు. చెప్పినా లాభం లేదు, నిబంధన ప్రకారం ఎవరిది తప్పో తేల్చడానికి అసలు నిబంధనే లేదు.

ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా నియమాల్లో ఉంది కదా అని మీ శాఖ వాళ్లు అనొచ్చు. ఉంది, బాగానే ఉంది. 2022 జులై 1 నుంచి లోన్ల మీద ఫిఫా కొత్త నియమాలు తెచ్చింది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. ఏడాదికి మించకూడదు. లోన్ మీద తెచ్చుకున్నవాణ్ని మళ్లీ ఇంకో క్లబ్‌కు లోన్ ఇవ్వకూడదు. ఒక సీజన్‌లో ఒకే క్లబ్ నుంచి ముగ్గురికి మించి తెచ్చుకోకూడదు. తీసుకున్న క్లబ్ మధ్యలో కాంట్రాక్టు రద్దు చేస్తే ఆటగాడికి పాత క్లబ్‌కు తిరిగి వచ్చే హక్కు ఉంది, ఆ క్లబ్ వాణ్ని చేర్చుకుని తీరాలి. జాతీయ సమాఖ్యలు ఇదే దారిలో తమ దేశవాళీ నియమాలు సరిచేసుకోవడానికి మూడేళ్లు గడువు కూడా ఇచ్చారు.

చిక్కు ఎక్కడంటే, ఆ నియమాలన్నీ ప్రొఫెషనల్ ఆటగాళ్లకు. రాతపూర్వక కాంట్రాక్టు ఉండి, ఆడటానికి అయ్యే ఖర్చుల కంటే ఎక్కువ డబ్బు అందుకునేవాడే ఫిఫా లెక్కలో ప్రొఫెషనల్. మిగతావాళ్లంతా అమెచ్యూర్లు. మా బి డివిజన్, సి డివిజన్ పిల్లలకు కాంట్రాక్టు ఎక్కడిది? బస్సు చార్జీ, ఒక జత బూట్లు, గెలిచిన రోజు బిర్యానీ. అంటే రక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల దగ్గరికి వచ్చేసరికి రూల్ బుక్ అయిపోతుంది. ఏజెంటు, లాయరు ఉన్నవాడికి మాత్రం పేజీలకు పేజీలు రక్షణ. అమెచ్యూర్ ఆటగాళ్ల లోన్లకు రాష్ట్ర స్థాయిలో ఒక పద్ధతి పెట్టుకోవద్దని మాత్రం ఫిఫా ఎక్కడా అనలేదు.

పాత రోజుల్లో ఇంతకన్నా నయం అంటే మీరు నమ్మరేమో. మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లినా, మన హైదరాబాద్ ఆటగాడు హబీబ్ 1966లో అదే క్లబ్‌లో చేరినా, కలకత్తా ట్రాన్స్‌ఫర్ సీజన్ అంటే పెద్ద సినిమా నడిచేది. ప్రత్యర్థి క్లబ్ వాళ్లు ఎత్తుకుపోతారని ఆటగాళ్లను ఇళ్లలో దాచిపెట్టేవాళ్లట. అంత గలాటాలోనూ ఒక పద్ధతి ఉండేది. ఆటగాడు స్వయంగా అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఐఎఫ్ఏ ఆఫీసుకు వెళ్లి సంతకం పెడితేనే ట్రాన్స్‌ఫర్ చెల్లేది. ఈ రోజుల్లో ఓటీపీ లేనిదే గ్యాస్ సిలిండర్ కూడా ఇంటికి రావడం లేదు, ఆటగాడు మాత్రం వాట్సాప్ ఫొటో మీద క్లబ్ మారిపోతున్నాడు.

ఇక రెండో సంగతి, పోటీలో న్యాయం. లోన్ అన్నది ఇద్దరు ఒప్పుకుంటే సరిపోయే వ్యవహారం కాదు. లీగ్‌లో మిగతా జట్లు కూడా ఉన్నాయి. ఒక జట్టు కిందికి పడిపోయే ప్రమాదంలో ఉంటుంది. ఆఖరి మూడు మ్యాచ్‌లకు స్నేహంగా ఉండే పెద్ద క్లబ్ నుంచి నలుగురు దిగుతారు. సీజన్ మొదట్లో ఆ జట్టుతో ఆడినవాళ్లు ఒక జట్టుతో ఆడితే, చివర్లో ఆడినవాళ్లు వేరే జట్టుతో ఆడినట్టవుతుంది. పాయింట్ల పట్టికలో మాత్రం రెండూ ఒకటే.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. 2012-13లో ఇంగ్లండ్ రెండో స్థాయి లీగ్‌లో వాట్‌ఫర్డ్ క్లబ్ పది మందికి పైగా ఆటగాళ్లను లోన్ మీద తెచ్చుకుంది. ఎక్కువ మంది ఇటలీలోని ఉదినేసే నుంచి, కొందరు స్పెయిన్‌లోని గ్రనాడా నుంచి వచ్చారు. అప్పట్లో మూడు క్లబ్బులూ ఒకే కుటుంబం చేతిలో ఉండేవి. దేశం లోపలి లోన్లకే పరిమితి ఉండేది, బయటి దేశాల నుంచి తెచ్చేవాటికి ఉండేది కాదు, కాబట్టి వాళ్లు రూలేమీ తప్పలేదు. అక్కడి మొదటి స్థాయి అయిన ప్రీమియర్ లీగ్‌కు వెళ్లే ప్లేఆఫ్ ఫైనల్ దాకా వచ్చి క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో ఓడిపోయారు. ఆ వేసవిలోనే లీగ్ వాళ్లు ఆ సందు మూసేశారు. నాకు నచ్చింది అదే. తప్పు ఎవరిదని తగువు పెట్టుకోకుండా రూల్ మార్చేశారు.

'సొంత క్లబ్ మీద ఆడకూడదు' అనే షరతు ఇంకో తలనొప్పి. ప్రీమియర్ లీగ్‌లో లోన్ మీద వెళ్లినవాడు తన అసలు క్లబ్ మీద ఆడకూడదన్నది నియమమే. యూరప్ పోటీల్లో మాత్రం అక్కడి ఫుట్‌బాల్ సంస్థ యుయెఫా అలాంటి షరతు చెల్లదంది. 2014 చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌లో చెల్సీ గోల్‌కీపర్ కోర్త్వా లోన్ మీద ఉన్న అట్లెటికో మాడ్రిడ్ తరఫున చెల్సీ మీదే ఆడాడు, అట్లెటికో గెలిచింది కూడా. మన దగ్గర ఈ షరతు నోటిమాటగా ఉంటుంది. "మా మ్యాచ్‌కు మాత్రం వాణ్ని దింపకు అన్నా" అంటారు, అంతే. పది, పన్నెండు జట్లున్న చిన్న లీగ్‌లో ఒక జట్టుకు మాత్రం ఎదుటివాళ్ల బెస్ట్ గోల్‌కీపర్ లేని మ్యాచ్ దొరుకుతుంది. పోనీ ఆడించాలి అందామంటే, ఆ పిల్లాడి చేతిలోంచి బంతి జారి గోల్ అయితే చాలు, అమ్ముడుపోయాడని గ్యాలరీలోంచి అరుపులు. వాడికెందుకు ఆ టెన్షన్? నా మట్టుకు నేను చెప్పేది ఒకటే: ఒకే డివిజన్‌లో ఉన్న క్లబ్బుల మధ్య లోన్లే వద్దు. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి మాత్రమే ఉండాలి. అప్పుడు ఈ షరతుతో పనే ఉండదు. పెద్ద క్లబ్బుల వాళ్లు కొందరికి ఇది నచ్చదని తెలుసు.

ఇవన్నీ నాకెందుకు రాస్తున్నావు, ఫుట్‌బాల్ సంఘానికి రాసుకో అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఫుట్‌బాల్ నియమాలు ప్రభుత్వం రాయకూడదు, రాస్తే ఏమవుతుందో కూడా తెలుసు. బయటివాళ్ల జోక్యం ఉందంటూ 2022 ఆగస్టులో ఫిఫా ఏకంగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యనే సస్పెండ్ చేసింది. అండర్-17 మహిళల ప్రపంచకప్ చేజారిపోతుందేమోనని దేశమంతా హైరానా పడ్డాక, ఆ నెలాఖరులో ఎత్తేశారు. కాబట్టి రూల్స్ మీరు రాయమని అడగడం లేదు.

కానీ గ్రౌండ్ మీది. లాల్ బహదూర్ స్టేడియం మీ శాఖ కింద ఉంది, గచ్చిబౌలి బాలయోగి స్టేడియం మీ శాఖ కింద ఉంది. ప్రభుత్వ మైదానంలో ఆడే ప్రతి ఆటగాడికీ ప్రమాద బీమా ఉండాలనే షరతు మీరు పెట్టొచ్చు. అది ఆట నియమాల్లో వేలు పెట్టడం కాదు, మీ ఆవరణలో మనిషి కాలు విరిగితే ఎవరు చూస్తారని అడగడం. స్విమ్మింగ్ పూల్ అద్దెకిచ్చినా లైఫ్‌గార్డ్ ఉన్నాడా అని అడుగుతారు కదా. ఆ బీమా కాగితంలో ఈ మ్యాచ్‌కు ఈ ఆటగాడి బాధ్యత ఏ క్లబ్‌దో ఒక గడి ఉంటే చాలు, సగం గొడవ అక్కడే తీరిపోతుంది. ఒక్కొక్క చిన్న క్లబ్ వెళ్లి బీమా అడిగితే ఏజెంట్ ముఖం తిప్పుకుంటాడు. లీగ్ మొత్తానికి మీ శాఖ ఒకే గ్రూప్ పాలసీ తీయిస్తే ప్రీమియం మా వాటా మేం కడతాం. చందాలు వేసుకుని జెర్సీలు కొనేవాళ్లం, ఇదీ కట్టగలం.

మిగతాది సంఘం వాళ్లే చేయాలి, మీరు పిలిచి కూర్చోబెడితే చేస్తారనే నమ్మకం ఉంది. మేం కోరేది పెద్దదేమీ కాదు. ఒకే పేజీ ఫారం. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో. బార్కాస్ కుర్రాడికీ, బొల్లారం కుర్రాడికీ చదివితే అర్థం కావాలి. లోన్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఖర్చులు ఎవరివి, వైద్యం ఎవరిది, వరుసగా కొన్ని మ్యాచ్‌లు ఆడించకపోతే వెనక్కి వచ్చే హక్కు. రెండు క్లబ్బుల సంతకాల పక్కన ఆటగాడి సంతకం, పద్దెనిమిదేళ్లు నిండనివాడైతే తల్లి లేదా తండ్రి సంతకం. సగం లీగ్ దాటాక కొత్త లోన్లు ఉండకూడదు. ఒక క్లబ్ నుంచి ఇద్దరికి మించి వద్దు. ఫిఫా ముగ్గురంది కానీ ఇరవై మందితో నడిచే మా జట్లకు ఇద్దరే ఎక్కువ. ఎవరెవరు లోన్ మీద ఆడుతున్నారో ప్రతి మ్యాచ్‌కు ముందు గ్రౌండ్ గోడ మీద అంటించాలి. ఎదుటి జట్టుకు తెలియాలి, చూడటానికి వచ్చినవాళ్లకూ తెలియాలి. చాటుగా జరిగేది బయట జరిగితే సగం అనుమానాలు వాటంతటవే పోతాయి.

ఇంత కాగితం పని పెడితే చిన్న క్లబ్బులు లోన్లే మానేస్తాయని మా సాటి మేనేజర్లు కొందరు అంటున్నారు. ఆ మాటను నేను తీసిపారేయను. కింది డివిజన్ పిల్లాడు పైకి రావడానికి మన ఊళ్లో ఉన్న మెట్లు ఎన్నని? 2022లో దేశంలోని పెద్ద లీగ్ ఐఎస్ఎల్ కప్పు తెచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. దేశంలోని రెండో స్థాయి లీగ్‌లో శ్రీనిధి దక్కన్ ఒక్కటే కళ్లకు కనిపించేది. ఇలాంటప్పుడు పై డివిజన్‌లో ఒక సీజన్ లోన్ మీద ఆడటం పిల్లాడికి చాలా పెద్ద విషయం. అందుకే లోన్లను ఆపేయమని నేనెక్కడా అనడం లేదు. ఫారం ఒక్క పేజీయే ఉండాలని పట్టుబడుతున్నదీ అందుకే. మూడు పేజీలైతే మేమూ నింపం, మళ్లీ వాట్సాప్ ఫొటోకే వస్తాం.

2025 డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ వచ్చిన రోజు మన ముఖ్యమంత్రి గారు కూడా జెర్సీ వేసుకుని బంతి తన్నారు. 2024 ఆఖరి రోజున రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ ఇదే గచ్చిబౌలిలో జరిగింది. సర్కారుకు ఫుట్‌బాల్ అంటే ఇష్టం లేదని అనలేం. సభల్లో మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ పేరు, ఆయన జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో గెలిచిన స్వర్ణం ప్రస్తావన రాకుండా ఉండదు, లీగ్‌కు ఆయన పేరే పెట్టుకున్నాం. ఆ లీగ్‌లో ఆడేవాడి మోకాలుకు స్కాన్ ఎవరు తీయించాలో మాత్రం ఇప్పటికీ రాసి లేదు.

వచ్చే సీజన్ రిజిస్ట్రేషన్లు మొదలుకాక ముందే ఒక రోజు మీ సమయం ఇవ్వండి. సంఘం ప్రతినిధులు, ఎ, బి, సి డివిజన్ల నుంచి ఇద్దరిద్దరు మేనేజర్లు, తప్పనిసరిగా ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లు ఉండాలి. ఆటగాళ్లు లేకుండా పిలిస్తే మళ్లీ సెక్రటరీలమే మాట్లాడుకుని లేచి వస్తాం. పని దినమైతే సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి, పిల్లలు డ్యూటీలు దిగి రావాలి. ఫారం నమూనా ఒకటి రాసి ఈ లేఖతో పాటు మీ కార్యాలయానికి పంపుతున్నాను. అందులో ఆటగాడి సంతకం గడి అన్నిటికన్నా పైన పెట్టాను. దయచేసి దాన్ని కిందికి జరపొద్దు.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక చిన్న క్లబ్ మేనేజర్