నాలుగు చక్రాలూ లాగాలి బావా

ఫ్లింట్, మిషిగన్
ఆదివారం

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావురా? అత్తయ్య మోకాళ్ల నొప్పులు తగ్గాయా? మొన్న ఫోన్లో నువ్వన్న మాట నా బుర్రలోంచి పోవడం లేదు. "పెద్ద టైర్లు వేసి కాస్త ఎత్తు లేపితే ఫోర్ వీల్ బండిలాగే ఉంటుంది కదరా, దానికోసం రెండు నెలలు కూర్చోవాలా?" అన్నావు. అప్పుడు నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. ఇవాళ బయట మంచు దండిగా పడింది, కారు తీసే పని లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నాన్నగారి దగ్గర నుంచీ ఆటోనగర్‌లో కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) కడుతున్నవాడివి. ఇది నీకు కాక ఇంకెవరికి చెప్పను?

నేను కడుతున్నది 1972 షెవర్లే సి10 పికప్ బొమ్మ బండి, అసలు బండిలో ఇరవై ఐదో వంతు. 1/25 స్కేలు ప్లాస్టిక్ కిట్టు. షెవర్లే వాళ్ల లెక్కలో 'సి' అంటే టూ వీల్ డ్రైవ్, 'కె' అంటే ఫోర్ వీల్ డ్రైవ్. 10 అంటే అర టన్ను తరగతి. పైనుంచి చూస్తే సి10కీ కె10కీ పెద్ద తేడా కనపడదు. క్యాబిన్ అదే, డోర్లు అవే, బానెట్టు అదే. తిరగేస్తే మాత్రం ఆ రెండూ వేరే వేరే బండ్లు. సి10కి ముందు చక్రాలు దేనికది విడిగా కాయిల్ స్ప్రింగుల మీద ఆడతాయి. వెనక కూడా కాయిల్ స్ప్రింగులే. యాక్సిల్‌ని పట్టుకోవడానికి రెండు పొడుగాటి చేతులు ఛాసీ మధ్యలో ఉన్న అడ్డ దూలం దాకా వస్తాయి. (నాస్కార్ రేసు కార్లు దశాబ్దాలపాటు వెనక యాక్సిల్‌కి వాడుకున్నది ఈ పద్ధతే. వాళ్లు కూడా వాటిని ట్రక్ ఆర్మ్స్ అనే పిలుస్తారు.) కె10కి ఇవేవీ లేవు. ముందు ఒక నిండు యాక్సిల్, వెనక ఒక నిండు యాక్సిల్, నాలుగు మూలలా కమాను కట్టలు. నువ్వు రోజూ చూసే బండేరా అది!

అందుకే ఈ సి10ని కె10 చేస్తానని చెప్పి టైర్లు మార్చి ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు. షెల్ఫులో పెట్టాక ఎవరూ తిరగేసి చూడరు, నిజమే. కానీ అక్కడ ఇంజిన్ శక్తి ముందు చక్రాలకి వెళ్లే దారే లేదని నాకు తెలుసు కదా. ఆ దారి పూర్తిగా వెయ్యాలి. గేర్ బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె), దాన్నుంచి ముందుకొక షాఫ్టు, వెనక్కొక షాఫ్టు, ముందు డిఫరెన్షియల్ (ఆ శక్తిని రెండు చక్రాలకీ పంచే గేర్ల గుండు), చక్రాల చివర హబ్బులు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా అది ఎత్తు లేపిన సి10 తప్ప కె10 కాదు.

ఇంకో సంగతి తెలుసా? అసలు షెవర్లే ఫోర్ వీల్ పికప్పులు మొదలైందే ఇలా మార్పు చేయడంతో. 1950లలో మినియాపోలిస్‌లో నాప్కో అని ఒక కంపెనీ ఉండేది. వాళ్లు ముందు యాక్సిల్, ట్రాన్స్‌ఫర్ కేసు అన్నీ కలిపి ఒక సెట్టుగా అమ్మేవాళ్లు. దాంతో మామూలు టూ వీల్ ట్రక్కు ఫోర్ వీల్ అయిపోయేది. 1957లో షెవర్లే ఆ సెట్టునే ఫ్యాక్టరీ ఆప్షన్‌గా తీసుకుంది. 1960లో సొంతంగా 'కె' ట్రక్కులు మొదలెట్టింది. వాళ్లు నిజం బండికి చేసిన పనే నేను టేబుల్ మీద అరచేతిలో పట్టే బండికి చేస్తున్నాను. అది తలుచుకుంటే ఎంత సంతోషమో చెప్పలేను. పైగా షెవర్లే ట్రక్కులు తయారయ్యే ఊళ్లోనే కూర్చుని!

సరే, అసలు పనిలోకి వస్తాను. 1/25 స్కేల్లో ఒక సౌకర్యం ఉంది. నిజం బండిలో ఒక అంగుళం ఈ బండిలో ఒక మిల్లీమీటరు, ఆ పైన వెంట్రుకవాసి. కాలిక్యులేటర్ అక్కర్లేదు. లాంగ్ బెడ్ ట్రక్కుకి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 127 అంగుళాలు. లెక్క ప్రకారం కిట్టులో 129 మిల్లీమీటర్లు రావాలి. కమాను ప్లేటు మందం పావు అంగుళం అనుకో, నాకు పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ పట్టీ కావాలి. ఎవర్‌గ్రీన్ వాళ్ల తెల్ల పట్టీల్లో సరిగ్గా ఆ మందం దొరుకుతుంది. వెడల్పు రెండు మిల్లీమీటర్లది తీసుకున్నాను.

కట్ట ఎలా కట్టానో వివరంగా చెబుతాను, నువ్వు తప్పులు పట్టు. పట్టీల్ని ఆవకాయ జాడీ చుట్టూ టేపుతో అంటించి, పైన మరిగే నీళ్లు పోసి, అలాగే చల్లారనిచ్చాను. విప్పితే వంపు నిలబడింది. పైన మెయిన్ ప్లేటు, దాని కింద ఒక్కో ప్లేటూ కాస్త పొట్టిగా, మొత్తం నాలుగు. అన్నిటి చివర్లూ మూల కోసి గుండ్రంగా రుద్దాను. మధ్యలో సూదితో చిల్లు పొడిచి సన్న రాగి తీగ దూర్చాను. అదే సెంటర్ బోల్టు. ప్లేట్లు వరసగా పేర్చి, పక్కనుంచి బ్రష్షుతో ఒక్క చుక్క పల్చటి సిమెంటు (ప్లాస్టిక్ అతికించే జిగురు) తాకిస్తే సందుల్లోకి దానంతటదే పాకిపోతుంది. ఎక్కువైతే ప్లాస్టిక్ కరిగి ప్లేట్లన్నీ ఒకే దిమ్మ అయిపోతాయి. మొదటి కట్ట అలాగే పోయింది. నాన్నగారు ప్లేట్లని విడివిడిగా నేలమీద పరిచి, ఒక్కోదాన్నీ చేత్తో తడిమి పేర్చేవారు, గుర్తుందా? రెండో కట్ట పేర్చేటప్పుడు నా కళ్ల ముందు ఆయన చేతులే ఉన్నాయి. యూ బోల్టులకి అర మిల్లీమీటరు రాగి తీగ వంచాను. ప్లేట్లు పక్కకి జారకుండా పట్టుకునే క్లిప్పులకి కూల్‌డ్రింక్ డబ్బా రేకు సన్నగా కత్తిరించాను. ఆరు కట్టలు చేస్తే నాలుగు పనికొచ్చాయి.

ఇప్పుడు అసలు దెబ్బ సంగతి. ముందు యాక్సిల్ కోసం పాత ఫోర్డ్ బ్రాంకో (జీపులాంటి ఫోర్ వీల్ బండి) కిట్టు విడిభాగాలు తీశాను. బ్రాంకోకి ముందు కాయిల్ స్ప్రింగులు, రెండు చేతులు ఉంటాయి. అవి కోసేసి యాక్సిల్ ఒక్కటే ఉంచుకుని, కమాను కట్టల కోసం పీటలు అంటించాను. నాలుగు రాత్రుళ్లు పట్టింది. బ్రహ్మాండంగా కుదిరింది. తర్వాత షాఫ్టు కొలత కోసం, ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత బండ్ల ఊరేగింపులో తీసిన ఫొటోలు తెరిచాను. అక్కడ ఒక పెద్దాయన తన కె10 కింద దూరి చూసుకోనిచ్చాడు. రోడ్డు మీద వెల్లకిలా పడుకుని, టార్చి పెట్టి ఫొటోలు తీసుకున్నాను. ఆ ఫొటోల్లో డిఫరెన్షియల్ గుండు కుడి పక్కన ఉంది. నా బండిలో ఎడమ పక్కన!

గుండె జారిపోయింది బావా. ఆ కాలం ఫోర్డ్ బ్రాంకోలో ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందు షాఫ్టు ఎడమవైపు దిగుతుంది. షెవర్లేలో కుడివైపు. ఇక్కడ డ్రైవర్ ఎడమన కూర్చుంటాడు కాబట్టి కుడి అంటే పక్క సీటు వైపు. నేను పెట్టబోయే ట్రాన్స్‌ఫర్ కేసు ఎన్.పి. 205. పోత ఇనుము పెట్టె, లోపల చైను లేదు, అంతా గేర్లే. దానికి వెనక షాఫ్టు గేర్ బాక్సుకి తిన్నగా మధ్యలోంచి పోతుంది, ముందు షాఫ్టు మాత్రం కుడికి దిగి వస్తుంది. ఇక ఎడమ పక్కన గుండు పెడితే షాఫ్టు ఇంజిన్ ఆయిల్ సంపు కిందుగా అడ్డంగా పోవాలి. అలాంటి బండి లోకంలో లేదు.

యాక్సిల్‌ని తలకిందులుగా తిప్పేద్దామా అని ఒక రాత్రంతా ఆలోచించాను. గుండు కుడికి వస్తుంది, కానీ పినియన్ (షాఫ్టుకి తగిలించే చిన్న గేరు) కూడా తిరగబడుతుంది. నీలాంటివాడు చూస్తే ఒక్క క్షణంలో పట్టేస్తాడు. చివరికి రంపం తీశాను. గుండుకి రెండు పక్కలా గొట్టాలు కోసి, పొట్టిది అటు, పొడుగుది ఇటు మార్చాను. ఊరికే అంటిస్తే విరిగిపోతుందని రెండు ముక్కల్లోనూ ఒక మిల్లీమీటరు చిల్లు వేసి, లోపల ఇత్తడి తీగ దూర్చి బిగించాను. గాజు పలక మీద పెట్టి చూస్తే రెండు చివర్లూ సమంగా ఆనాయి. ఆ నిమిషం ఒక్కణ్నే గట్టిగా చప్పట్లు కొట్టుకున్నాను.

స్టీరింగు గురించి ఎక్కువ చెప్పను. చక్రం నుంచి చక్రానికి ఒక టై రాడ్డు, స్టీరింగు బాక్సు నుంచి ఎడమ చక్రానికి ముందు వెనకలుగా ఆడే రాడ్డు ఒకటి. అరపూట పని. ఛాసీ మధ్య దూలం కోసినప్పుడు మాత్రం ఛాసీ మెలి తిరిగింది. ట్రాన్స్‌ఫర్ కేసు కింద కొత్త దూలం వేసి, రెండ్రోజులు బరువు పెట్టి ఉంచితే సర్దుకుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి హబ్బులు. ఈ బండ్లకి ముందు చక్రాల మధ్యలో చేత్తో తిప్పే లాకింగ్ హబ్బులుంటాయి. వార్న్ అనే కంపెనీ వాళ్లు 1948లో యుద్ధం మిగులు జీపుల కోసం ఈ హబ్బులు చేయడంతోనే మొదలయ్యారు. ఫ్రీలో పెడితే చక్రం ఒక్కటే తిరుగుతుంది. లోపలి షాఫ్టులు, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు ఊరికే తిరగవు. పెట్రోలూ అరుగుదలా మిగులుతాయి. ఈ బండికి ముందు వెనకల మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి, ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో మలుపు తిప్పితే షాఫ్టులన్నీ బిగుసుకుపోతాయి. బురదలోనో మంచులోనో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. అందుకే పాత కాలంలో మంచు పడగానే మనిషి దిగి, రెండు వైపులా వంగి ఆ మూత తిప్పి, మళ్లీ ఎక్కి, చిన్న లివరు వెయ్యాలి. నా హబ్బు నాలుగున్నర మిల్లీమీటర్ల రాడ్డులోంచి కోసిన బిళ్ల. దాని మొహం మీద అడ్డంగా చిన్న పట్టీ, వేళ్లతో పట్టుకుని తిప్పడానికి. అంచున సూది మొనతో ఎర్ర చుక్క ఒకటి. రెండు హబ్బులూ లాక్‌లోనే పెట్టాను. బయట మంచు పడుతోంది కదా.

ఇప్పుడు ఒక చిక్కు మిగిలింది. ఇంజిన్ వి8, అంటే నాలుగేసి సిలిండర్లు రెండు వరసలు, అందుకని రెండు పక్కలా ఎగ్జాస్ట్ గొట్టాలున్నాయి. కుడి గొట్టం కిట్టులో ఉన్నట్టే పెడితే తిన్నగా ముందు షాఫ్టుకి తగులుతోంది. వుడ్‌వర్డ్ ఫొటోల్లో ఆ చోటు చీకటిగా ఉంది, తుప్పు తప్ప ఏమీ తెలియడం లేదు. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పాత బండ్ల అడుగంతా అలాగే ఉంటుంది. షాపుకి ఏదైనా పాత ఫోర్ వీల్ జీపు వస్తే గొట్టం షాఫ్టుని ఎలా తప్పించుకుని పోతుందో కింద నుంచి ఫొటో తీసి పంపరా. అలాగే కొత్తగా కట్టిన కమాను కట్ట ఒకటి వెలుతురులో పెట్టి దగ్గరగా తియ్యి. ప్లేట్ల మధ్య గ్రీజు ఏ రంగులో కనపడుతుందో చూసి, రంగు వేసేది అప్పుడే. అందాకా కట్టల్ని తెల్లగానే ఉంచుతాను.

ఇట్లు
నీ బావ