విదేశాంగ మంత్రి గారికి చెన్నై నుంచి ఒక బహిరంగ లేఖ

జైశంకర్ గారూ, నమస్కారం.

డల్లాస్‌లో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద పనిచేసే మా తమ్ముడు, నాన్న పోయినప్పుడు కూడా వీసా స్టాంపింగ్ (గడువు తీరిన వీసాను అమెరికా బయట కాన్సులేట్‌లో మళ్లీ వేయించుకోవడం) టెన్షన్‌తో చెన్నై రాలేకపోయాడు. వీడియో కాల్‌లోనే దండం పెట్టుకున్నాడు.

గ్రీన్ కార్డు (అమెరికాలో శాశ్వత నివాస అనుమతి) వస్తే ఈ బాధ ఉండదు, కానీ ఆ కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితి మారాలంటే అమెరికా కాంగ్రెస్ చట్టం చేయాలి, 2019లో ప్రతినిధుల సభ 365 ఓట్లతో బిల్లు పాస్ చేసినా అది చట్టం కాలేదు, కాబట్టి దాని కోసమే ఎదురుచూస్తూ కూర్చోవద్దు. 2024లో అమెరికా దాటి రాకుండా అక్కడే హెచ్-1బీ వీసా రెన్యువల్ చేసుకునే ప్రయోగాత్మక (పైలట్) పథకాన్ని 20,000 దరఖాస్తుల వరకు నడిపారు, దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేకపోయింది. వాషింగ్టన్‌తో మాట్లాడేటప్పుడు ముందు దీన్నే అడగండి. శాశ్వతం చేయమనండి, అప్పుడు వదిలేసిన హెచ్-4 వీసా మీద ఉండే భార్య/భర్త, పిల్లలనూ చేర్చమనండి.

అమ్మ ఒక్కతే ఉంది సార్. తిరిగి వెళ్లగలనో లేదో అన్న భయం లేకుండా వాడు వచ్చి చూసి వెళ్లాలి.