జంగాలపల్లి దారిలో నా చెయ్యి పట్టుకుని ఆపిన తమ్ముడికి

మేడారం వెళ్తున్న కారులో తియ్యటి వాసన వస్తే ఎవరైనా బెల్లం అనే అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. మా అమ్మాయి ఎత్తు బంగారం (మేడారంలో బెల్లాన్ని అలాగే అంటారు) మొక్కు తీర్చడానికి 26 కిలోల బెల్లం వెనక పెట్టుకుని పోయిన బుధవారం హన్మకొండ నుంచి బయలుదేరాం. ఆత్మకూరు దాటేసరికి వాసన మొదలైంది. "బంగారం కరుగుతున్నట్టుంది" అన్నారు అత్తమ్మ. కరుగుతున్నది బంగారం కాదు, కారుతున్నది ఇంజనును చల్లబరిచే కూలెంట్. దాని వాసన కూడా తియ్యగానే ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది.

అందరిలాగే గట్టమ్మ దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం. బండి కింద తడి కనిపించింది. ఏసీ నీళ్ళులే అనుకుని వదిలేశాను. ములుగు దాటాక వేడి చూపించే ముల్లు పైకి ఎక్కింది, కాసేపటికి దానంతట అదే దిగిపోయింది. తల్లుల దయ అని దండం పెట్టుకున్నాను. నీళ్ళు పూర్తిగా తగ్గిపోతే సెన్సార్‌కు తగలడానికి నీరే ఉండదనీ, అప్పుడు ముల్లు అబద్ధం చెప్పవచ్చనీ తర్వాత విన్నాను. జంగాలపల్లి ఇంకా కొంచెం దూరం ఉందనగా బానెట్ సందుల్లోంచి పొగలా ఆవిరి లేచింది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను ఇరవై ఏళ్ళుగా పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఒత్తిడి పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందని కుక్కర్ బొమ్మ గీసి మరీ చెబుతాను. అదే నేను, బానెట్ ఎత్తగానే చేసిన మొదటి పని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోవడం.

ఆ చేతిని పట్టుకుని వెనక్కి లాగింది ఎదురుగా వస్తూ ట్రాక్టరు ఆపిన ఒక తమ్ముడు. "ఆగండి అక్కా, ముట్టుకోవద్దు. మొహం కాలిపోతుంది." అంతే అన్నాడు. లోపల దాదాపు ఒక బార్, అంటే బయటి గాలి ఒత్తిడికి ఇంచుమించు సమానమైన, అదనపు ఒత్తిడి ఉంటే నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి అందులో కొంత ఒక్కసారిగా ఆవిరై, మరిగే నీటితో సహా పైకి ఎగజిమ్ముతుంది. ఆ లెక్క నాకు తెలుసు, ప్రమాదం అతనికి తెలుసు.

అతను చేసిన పెద్ద సాయం నీళ్ళు పోయడం కాదు, పోయనివ్వకపోవడం. యాభై నిమిషాలు మమ్మల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టాడు. మధ్యలో రెండుసార్లు లేచాను, రెండుసార్లూ కూర్చోమన్నాడు. కాలిన పెనం మీద చన్నీళ్ళు పడితే ఎలా ఉంటుందో ఇంజను హెడ్‌కూ అంతేనట, వంగవచ్చు, పగలవచ్చు. ట్రాక్టరులో ఇటుకలున్నాయి, దించవలసిన ఇల్లు ఎక్కడో ఉంది, ఫోను మోగుతూనే ఉంది. "వస్తున్నా, కొద్దిగా పని పడింది" అని చెబుతూ కూర్చున్నాడు.

నీళ్ళిచ్చింది రోడ్డు పక్క ఇంటి పెద్దమ్మ. ఆ రోజు వాళ్ళకు నల్లా రాలేదు. పక్కింటి బోరు దగ్గర నుంచి మోసి తెచ్చుకున్న రెండు బిందెలూ ఇచ్చేసింది. డబ్బు తియ్యబోతే "నీళ్ళకు పైసలేమిటి బిడ్డా" అని కసిరింది.

అన్నీ చల్లారాక తమ్ముడు తన తువ్వాలు మడిచి మూత మీద వేసి, కొంచెం తిప్పి ఆగి, బుస్సుమనే చప్పుడు పోయాక తీశాడు. నెమ్మదిగా నీళ్ళు నింపి, మూతను మొదటి గాడి దాకానే బిగించాడు. లోపల ఒత్తిడి నిలవకపోతే చీలికలోంచి నీరు తోసుకురాదు. కానీ తొందరగా మరుగుతుంది, కాబట్టి మెల్లగా పోవాలి. ఏసీ ఆపించి హీటర్ పూర్తిగా పెట్టించాడు, ఇంజను వేడి కొంత అటు పోతుందని. ఏప్రిల్ ఎండలో హీటర్ వేసుకుని ప్రయాణించిన ఘనత మా కుటుంబానిదే కావచ్చు. అత్తమ్మ దీన్ని ఇంకా మరచిపోలేదు. ఆ పైన, తన దారి ఎటైనా సరే, ములుగు దాకా ముందు ట్రాక్టరు నడిపాడు. "నన్ను దాటవద్దు, నా వేగమే మీ వేగం" అన్నాడు. ములుగులో బండి నిలిపి, మేము ఆటో మాట్లాడుకుంటుండగా వెళ్ళిపోయాడు. పేరు అడగలేదు, నా తప్పే.

మొక్కు అదే సాయంత్రం తీరింది. తిరిగి వస్తూ పెద్దమ్మకు బంగారం ప్రసాదం ఇచ్చాను. కళ్ళకద్దుకుని ఆమె అడిగిన మొదటి మాట, "బండి దూప తీరిందా?" దూప అంటే దాహం.

మర్నాడు కారును లారీ మీద వరంగల్ ఆటోనగర్‌కు చేర్చాం. అక్కడ రేడియేటర్ పని చేసే పెద్దాయనకూ కృతజ్ఞతలు. మూత స్థానంలో చేతి పంపు బిగించి గాలి కొడితే, ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం జాలీతో కలిసే అంచున వెంట్రుకంత చీలిక బయటపడింది. పాత ఇత్తడి రేడియేటరైతే టంకం పెట్టేవాడినని, దీనికి అతుకు నిలవదని చెప్పాడు. చీలిక తాత్కాలికంగా పూడేలా నీళ్ళలో పసుపు వేసి పంపే వీలున్నా ఆ పని చేయలేదు. నూనె పాలలా మారిందా, పొగ తెల్లగా వస్తోందా చూసి, ఇంజనులో నీరు, నూనె కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ బాగానే ఉందన్నాడు. మొత్తం 6,400 రూపాయలయింది. రెండు నెలలుగా కూలెంట్ సీసాలో మట్టం తగ్గుతుంటే "ఎండలకు ఆవిరవుతుంది" అంటూ మామూలు నీళ్ళు నింపి పంపిన మరో మెకానిక్ ఉన్నాడు. మూసి ఉన్న గొట్టాల్లోంచి ఆవిరి ఎటు పోతుందని నేనూ అడగలేదు.

బానెట్ ఎత్తినప్పుడు బ్యాటరీ పక్కన తమ్ముడి తువ్వాలు దొరికింది. ఎర్ర ట్రాక్టరు, వెనక డబ్బా తలుపు మీద నెమలి బొమ్మ. జంగాలపల్లి, గోవిందరావుపేట వైపు వాళ్ళెవరైనా గుర్తుపడితే దయచేసి అతనికి చెప్పండి. తువ్వాలు రెండుసార్లు ఉతికాను. ఒక మూల ఆకుపచ్చ మరక మాత్రం పోలేదు. ఎక్కడికి రమ్మంటే అక్కడికి నేనే తెచ్చి ఇస్తాను.