మీ పేపర్ని చెవులతో చదువుతున్నాను

సంపాదకులకు నమస్కారం.

ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. నీటికాసులతో చూపు పోయాక నాలుగేళ్ళుగా మీ పత్రికను వింటున్నాను. మా మనవరాలు లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ పెట్టింది. ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్, అంటే తెరమీది రాతను చదివి వినిపించే ప్రోగ్రామ్ అది, పైసా ఖర్చు లేదు. అందులో తెలుగు చదివే ఈస్పీక్ గొంతు మనిషిది కాదు, సూత్రాలను బట్టి కంప్యూటర్ పుట్టించే ధ్వని. ‘చలి’లో చ-ని కూడా ‘చరిత్ర’లో చ లాగే పలుకుతుంది. మొదట్లో చిరాకేసేది, ఇప్పుడు అలవాటైపోయింది.

నా బాధ ఆ గొంతు గురించి కాదు, దానికి మనం అందించే రాత గురించి.

కళ్ళతో చదివేవాళ్ళు తప్పును తెలియకుండానే దిద్దుకుని ముందుకెళ్ళిపోతారు. యంత్రం ఉన్నదున్నట్టు చదువుతుంది. మొన్న ‘ఆమె కళ నెరవేరింది’ అని వినబడితే, ఏ నాట్యమో అనుకున్నాను. బాణం మీట నొక్కుతూ అక్షరం అక్షరం చదివించుకుంటే ‘క, ళ’ అనే వచ్చింది. రాయదలచింది ‘కల’. ఇక ‘అర్థం’ రాయాల్సిన చోట ‘అర్ధం’ రోజూ వినబడేదే. మొదటిది భావం, రెండోది సగం.

ఇంగ్లిషు తప్పుకు ఎర్రగీత పడినట్టు తెలుగుకూ పడాలి. అది తేలిక కాదని తెలుసు. ‘వెళ్ళాల్సొచ్చింది’ లాంటి మాట ఏ నిఘంటువులోనూ దొరకదు, సంధి విడదీస్తేగాని పట్టుబడదు. కళ, కల రెండూ సరైన మాటలే కాబట్టి పదాల పట్టిక ఒక్కటే ఉంటే లాభం లేదు, పక్కమాట కూడా చూడాలి. ‘ఆకులు రాలింది’ అంటే కర్తకీ క్రియకీ పొంతన లేదని పసిగట్టాలి. ఐఐటీ మద్రాసు, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ తెలుగు గొంతుల మీద ఎంతో పని చేశాయి. తప్పులు దిద్దే పనిముట్ల మీదా అంత శ్రద్ధ పెట్టాలని నా కోరిక.

మీ చేతిలో ఉన్నది ఒకటి అడుగుతాను. మీ జిల్లా పేజీల పీడీఎఫ్ పాత డీటీపీ ఫాంటులో వస్తోంది. తెరమీద చక్కగా తెలుగే కనిపిస్తుందట, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు. నాకు వినబడేది ‘ఎక్స్, డాలర్, బ్రాకెట్’. పోయిన నెల నాతో ఇరవై ఏళ్ళు ఒకే స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్న లెక్కల టీచరుగారు పోయారు. శ్రద్ధాంజలి ప్రకటన ఆ పేజీలోనే వేశారు. ఆ ఉదయం ఆ పేజీ నేను తెరిచాను కూడా. సంగతి మూడో రోజున పక్కింటావిడ చెబితే తెలిసింది.

దయచేసి ఆ పేజీలను యూనికోడ్‌లో, అంటే తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే పద్ధతిలో పెట్టండి. పెట్టేముందు మీ సబ్ ఎడిటర్లలో ఒకరు ఆండ్రాయిడ్ ఫోన్లో తెరమీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసుకుని, కళ్ళు మూసుకుని ఒక్కసారి వినాలి. జిల్లా పేజీతో మొదలుపెడితే సంతోషిస్తాను.

— విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, తెనాలి