చేప పిల్లల పంపిణీపై జిల్లా మత్స్యశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. మూడుసార్లు దరఖాస్తు ఇచ్చాం, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

2016లో తెలంగాణ ప్రభుత్వం నూరు శాతం రాయితీతో చేప పిల్లల పంపిణీ మొదలుపెట్టినప్పుడు మా సంఘంలో అందరం సంబరపడ్డాం. ఏడాదంతా నీళ్లుండే చెరువులకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు, ఎండాకాలం ఎండిపోయే వాటికి 35-40 మిల్లీమీటర్లవి. చిక్కంతా ఇక్కడే ఉంది. మా కుంట మార్చికే అడుగంటుతుంది. రోడ్డు పక్క పెద్ద చెరువులన్నిటికీ పోశాక మిగిలింది నవంబరులో మా దగ్గరికి తెస్తే, వేలెడంత కూడా లేని ఆ పిల్ల నాలుగు నెలల్లో ఎంత పెరుగుతుంది? పోయినసారి వల వేస్తే బొచ్చె పావుకిలో దాటలేదు. ఆ సైజు చేపను వ్యాపారి ముట్టడు. వలల కోసం తెచ్చిన అప్పు అలాగే ఉంది. మా కుర్రాళ్లు ఇద్దరు హైదరాబాద్‌కు కూలికి పోయారు.

లెక్కపెట్టిన తీరూ చెప్పాలి. ఒక్క ప్యాకెట్ విప్పి చూపి, మిగతావన్నీ అంతేనన్నారు. సంచులను కాసేపు నీళ్లలో తేలనిచ్చి పిల్లలను వదలాలని మేమే గుర్తుచేయాల్సి వచ్చింది. డ్రైవర్ తొందర డ్రైవర్‌ది.

మా కోరిక ఇది. ఎండిపోయే కుంటలకు నీళ్లు చేరగానే, పెద్ద చెరువుల కంటే ముందు పిల్లలను పోయించండి. ఏ చెరువుకు ఏ రకం, ఎన్ని, ఏ తేదీన ఇచ్చారో పంచాయతీ గోడ మీద అతికించండి. లెక్క మా సభ్యుల ఎదుటే జరగాలి. ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
మత్స్య సహకార సంఘం సభ్యుడు